దడ మళ్లీ మొదలైతే: గుండెకు అబ్లేషన్ గానీ కరెంటు షాక్ వైద్యం గానీ అయ్యాక మొదటి మూడు నెలలు ఇంట్లో ఏం చెయ్యాలి

నాన్నకు గుండె లయ తప్పే జబ్బు. విశాఖపట్నంలో అబ్లేషన్, అంటే గుండెలోకి తీగ పంపి దడ పుట్టే చోట మచ్చ గీసే వైద్యం, చేయించి నరసన్నపేట తెచ్చుకున్న పదకొండో రాత్రి. రెండు దాటింది. తలుపు కొట్టి, "అమ్మా, మళ్లీ ఒచ్చీసింది" అన్నారు. చెయ్యి పట్టి చూశాను. మణికట్టు దగ్గర నాడి రెండు దెబ్బలు గబగబా కొట్టి, ఒకసారి ఆగి, మూడు కలిసిపోయి, ఒక వరసా పాడూ లేకుండా ఆడుతోంది. అప్పు చేసి చేయించిన వైద్యం రెండు వారాలు కూడా నిలబడలేదే అని ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు.

తెల్లారాక మేం చేసిన పనులు రెండూ తప్పే. గాబరా తగ్గుతుందని ఊళ్లో వైద్యం చేసే ఒకాయన చేత తుంటికి ఇంజక్షన్ వేయించాం. రక్తం పలచబడే మాత్ర వాడుతున్న మనిషి కదా, ఆ చోట కంచమంత మేర నల్లగా కమిలి రెండు వారాలు పక్కకు తిరిగి పడుకోలేకపోయారు. రెండోది ఇంకా పెద్ద తప్పు. "ఆపరేషనే పని చెయ్యనప్పుడు ఈ మాత్రలెందుకు, రక్తం విరిగిపోతుంది" అని బంధువులు అంటే విని, ఆ పలచబడే మాత్ర రెండు రోజులు మానేశాం. ఏమీ కాలేదు, బతికిపోయాం. తర్వాత డాక్టరు గారు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తే: తిరిగొచ్చిన దడ కన్నా మీరు మానేసిన మాత్రే ఆయనకు ఎక్కువ ప్రమాదం.

నేను డాక్టర్ని కాను. ఈ రాసినదంతా నాన్నను చూసుకుంటూ, డాక్టర్లను విసిగించి అడిగి, చదివి నేర్చుకున్నది. మీ డాక్టరు మాట దీనికి భిన్నంగా ఉంటే ఆయన మాటే వినండి. మీ మనిషి గుండెను ఆయన చూశారు, నేను చూడలేదు.

మొదటి అడుగు: తిరిగి రావడం అంటే పోయినట్టు కాదని తెలుసుకోవడం

ఏట్రియల్ ఫిబ్రిలేషన్, డాక్టర్లు పొట్టిగా ఏఫిబ్ అంటారు, గుండె పై గదుల్లో కరెంటు దారి తప్పడం. ఒక చోట నుంచి తీరుగా రావలసిన సంకేతాలు ఎక్కడబడితే అక్కడ పుట్టి పై గదులు వణుకుతాయి, కింది గదులు లయ తప్పి కొట్టుకుంటాయి. ఆ సంకేతాలు ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిరల మొదళ్లలో పుడుతున్నాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ హైసగెర్ బృందం చూపించింది. అబ్లేషన్ అక్కడి నుంచే వచ్చింది. తొడ మొదట్లోని రక్తనాళం గుండా తీగ పంపి, ఆ సిరల మొదళ్ల చుట్టూ వేడితోనో, చలితోనో, కొత్తగా వచ్చిన కరెంటు పల్స్ పద్ధతితోనో గుండె గోడ మీద మచ్చ గీస్తారు. ఆ మచ్చ దాటి కరెంటు రాకూడదు.

అయితే మచ్చ ఒక్క రోజులో కట్టదు. కాలిన చోటు ముందు వాస్తుంది, ఎర్రబడుతుంది, ఆ వాపే గుండెను కొన్నాళ్లు రెచ్చగొడుతుంది. అందుకే అబ్లేషన్ తర్వాత తొలి వారాల్లో దడ రావడం చాలామందిలో జరిగేదే. డాక్టర్లు దీనికి "బ్లాంకింగ్ పీరియడ్" అని పేరు పెట్టి, ఆ లోపు వచ్చిన దాన్ని బట్టి అబ్లేషన్ ఫలించిందో లేదో తేల్చరు. చాన్నాళ్లు మూడు నెలలు అని లెక్క పెట్టేవారు. 2024లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల పత్రం దాన్ని ఎనిమిది వారాలకు తగ్గించింది. మీ డాక్టరు ఏ లెక్క పాటిస్తున్నారో అడగండి.

నాన్నకు ఇది నేను చెప్పిన తీరు వేరు. "ఊడ్చిన మడి మర్నాడే పచ్చగా ఉంటాదా నాన్నా? వారం పది రోజులు వాడిపోయినట్టే కనబడతాది, వేరు తన్నుకున్నాక కదా తిరుగుకుంటాది" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మూడు నెలలు చూద్దాం" అన్నారు. నిజం దాచకుండా ఇంకొకటీ చెప్పాలి. తొలి వారాల్లో దడ వచ్చినవాళ్లలో కొందరికి తర్వాత పూర్తిగా ఆగిపోతుంది, కొందరికి ఆగదు. అసలు రానివాళ్లతో పోలిస్తే వచ్చినవాళ్లకు తర్వాత కూడా వచ్చే అవకాశం ఎక్కువే. ముఖ్యంగా మొదటి కొద్ది రోజుల్లో కాక రెండో నెల, మూడో నెలలో వస్తుంటే డాక్టర్లు దాన్ని గట్టిగానే తీసుకుంటారు. కాబట్టి ఏమీ కాదులే అని వదిలెయ్యకూడదు, అంతా అయిపోయిందనీ అనుకోకూడదు.

కరెంటు షాక్, అంటే కార్డియోవర్షన్ అయినవాళ్ల సంగతి కొంచెం వేరు. షాక్ లయను సరిచేస్తుంది గానీ రోగాన్ని తీసెయ్యదు. 1995లో నెదర్లాండ్స్‌లో మేకల మీద చేసిన ప్రయోగంలో ఒక సంగతి బయటపడింది. ఏఫిబ్ ఎంత ఎక్కువసేపు ఉంటే గుండె కండరం అంతగా దానికి అలవాటుపడి, మళ్లీ మళ్లీ అందులోకే జారుకుంటుంది. లయ సరిగ్గా కొన్నాళ్లు నిలబడితే ఆ అలవాటు మెల్లగా వదులుతుంది. షాక్ తర్వాత మొదటి వారం రెండు వారాలే దడ తిరిగి రావడానికి ఎక్కువ వీలుండేది అందుకే. అలా వచ్చిందంటే మీరేదో తప్పు తిన్నారనో, ఎక్కువ నడిచారనో కాదు.

రెండో అడుగు: ఆ నిమిషంలో, పరిగెత్తాలా ఆగాలా

దడ మొదలవగానే కూర్చోబెట్టండి. ఎడమ పక్కకు పడుకుంటే చాలామందికి దడ ఇంకా గట్టిగా తెలుస్తుంది, కుడివైపు తిరగమనండి. ఒక గ్లాసు నీళ్లు తాగించండి. ఆపైన ఈ కింది వాటిలో ఒక్కటైనా ఉందేమో చూడండి. ఉంటే ఇక ఆలోచన వద్దు, 108.

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, ఒక కన్ను ఉన్నట్టుండి కనబడకపోవడం. ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి. వెల్లకిలా పడుకోలేనంత ఆయాసం. కళ్లు తిరిగి పడిపోవడం. కదలకుండా పావుగంట కూర్చున్నాక కూడా నాడి 150 దిగకపోవడం, లేదా 40 కన్నా తగ్గి తల తిరగడం. మలం తారులా నల్లగా రావడం, రక్తం వాంతి, ఆగని రక్తస్రావం. తలకు దెబ్బ తగలడం, మనిషి బాగానే ఉన్నట్టు కనబడినా సరే.

పక్షవాతం లక్షణాలకు గడువుంది. గడ్డను కరిగించే ఇంజక్షన్ మామూలుగా లక్షణం మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. పలచబడే మాత్ర వేసుకుంటున్నవాళ్లకు అది ఇవ్వొచ్చో లేదో డాక్టర్లు తేలుస్తారు, కానీ తేల్చడానికైనా ముందు తలకు సీటీ తీయాలి. అందుకే ఇప్పుడే, ఇంట్లో అంతా బాగున్న ఈ రోజే, రాత్రిపూట సీటీ స్కాన్ తీసే ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదో కనుక్కుని కాగితం మీద రాసి గోడకు అంటించండి. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్ల పైమాటే, ఇచ్ఛాపురం నుంచైతే రెండు వందలు దాటుతుంది. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లకు బరంపురమే దగ్గర. విజయనగరం వాళ్లకు ఆ ఇబ్బంది తక్కువ. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లాలని మనిషి నీరసించిపోతున్నా కారులో రెండున్నర గంటలు కూర్చోబెట్టకండి. పైన చెప్పిన లక్షణాలుంటే దగ్గర్లో ఈసీజీ, షాక్ మిషను ఉన్న చోటికి ముందు చేర్చండి. అక్కడ కుదుటపడ్డాక పెద్దాసుపత్రి.

అబ్లేషన్ అయినవాళ్లకే ప్రత్యేకంగా ఇంకో రెండు. తొడ మొదట్లో గడ్డలా ఉబ్బి పెరుగుతుంటే గట్టిగా అదిమిపట్టి ఆసుపత్రికి వెళ్లండి. రెండోది చాలా అరుదు, కానీ ప్రాణం మీదికొచ్చేది. మొదటి వారం దాటిన దగ్గర్నుంచి రెండు నెలల దాకా ఎప్పుడైనా జ్వరం, మింగుతుంటే నొప్పి, ఛాతీ నొప్పి, చలి, మతి తప్పడం వస్తే అన్నవాహికకు, గుండెకు మధ్య రంధ్రం పడిందేమో చూడాలి. మన వైపు జ్వరం అనగానే మలేరియా, టైఫాయిడ్ పరీక్షలతో రెండు రోజులు గడిచిపోతాయి. చూసే ప్రతి డాక్టరుకూ మొదటి మాటగా "ఫలానా తేదీన అబ్లేషన్ అయింది" అని చెప్పండి. గొంతులోంచి గొట్టం వేసే ఎండోస్కోపీ ఈ అనుమానం ఉన్నప్పుడు చేయించకూడదు, ఛాతీకి సీటీ తీయాలి. అబ్లేషన్ చేసిన చోటికి వెంటనే ఫోన్ చెయ్యండి.

ఇవేవీ లేవు, నాడి లయ తప్పింది, గాబరాగా ఉంది, కానీ మాట్లాడుతున్నారు, ఊపిరి బాగానే ఆడుతోంది. అలాగైతే తెల్లారేదాకా ఆగొచ్చు. ఇది నమ్మడానికి నాకు నెల పట్టింది.

దగ్గితే, ముక్కు మూసుకుని ముక్కితే, మొహం మీద చన్నీళ్లు కొడితే ఆగిపోతుందని ఫోన్లలో తిరిగేవి ఉన్నాయి కదా, అవి పనికొచ్చేది ఎస్‌వీటీ అనే వేరే రకం దడకు. ఏఫిబ్ వాటికి లొంగదు. ఇంట్లో మిగిలిన పాత మాత్రలు అదనంగా వెయ్యకండి. నాడిని తగ్గించే మాత్ర ఒకటి ఎక్కువ వేసుకోవచ్చని మీ డాక్టరు ముందే రాసి ఇచ్చి ఉంటే సరే, లేకపోతే లేదు.

మూడో అడుగు: పలచబడే మాత్ర వదలొద్దు

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

పై గదులు వణికేటప్పుడు, ముఖ్యంగా ఎడమ పై గదికి తోకలా ఉండే చిన్న సంచిలో, రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఏఫిబ్ ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు లేనివాళ్ల కన్నా దాదాపు ఐదు రెట్లు. షాక్ ఇచ్చాక లయ సరైనా పై గది కొన్ని వారాలు మొద్దుబారి సరిగ్గా ముడుచుకోదు, గడ్డకు అదీ అదనే. అందుకే షాక్ తర్వాత కనీసం నాలుగు వారాలు, అబ్లేషన్ తర్వాత కనీసం రెండు మూడు నెలలు, దడ వచ్చినా రాకపోయినా మాత్ర ఆపరు. ఆ తర్వాత ఆపాలా వద్దా అన్నది గుండె లయను బట్టి కాక మనిషిని బట్టి ఉంటుంది: వయసు 65 దాటిందా, బీపీ, షుగర్ ఉన్నాయా, గుండె బలహీనమా, ఇదివరకు పక్షవాతం వచ్చిందా. నాన్నకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. లయ బాగుపడ్డా మాత్ర ఉంటుందని మాకు ముందే చెప్పారు.

మీ ఇంట్లో ఉన్నది ఏ మాత్రో చూసుకోండి. ఎసిట్రోమ్, వార్ఫరిన్ అయితే రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష తప్పదు, చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. కీళ్లవాతం వల్ల మైట్రల్ వాల్వు (గుండె ఎడమ గదుల మధ్య తలుపు) సన్నబడినవాళ్లకు, లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లకు ఇవే వాడాలి. వాళ్లకు ఐఎన్‌ఆర్ గొడవ లేని కొత్త మాత్రలు పనికిరావు. కీళ్లవాతపు గుండెజబ్బు ఉన్నవాళ్లలో పాత మాత్రే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ పరిశోధన తేల్చింది. మెడికల్ షాపులో "దీని బదులు ఇది వాడండి, టెస్టులుండవు" అంటే వినొద్దు.

కొత్త మాత్రల్లో అపిక్సబాన్, డాబిగాట్రాన్ రోజుకు రెండుసార్లు. రివరాక్సబాన్ మామూలుగా ఒక్కసారి, అది అన్నంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగ్గా ఒంటబట్టదు. డాబిగాట్రాన్ గుళికను విప్పి పొడి చేసి మింగకూడదు, దాని డబ్బాలోంచి తీసి వేరే డబ్బాలో పొయ్యకూడదు. ఒక పూట మర్చిపోతే? రోజుకు రెండు వేసుకునేదైతే ఆరు గంటల లోపు, ఒకటే వేసుకునేదైతే పన్నెండు గంటల లోపు గుర్తొస్తే వేసేసుకోండి. అది దాటితే వదిలేసి తర్వాతి పూటది వేసుకోండి. రెండూ కలిపి ఒకేసారి మాత్రం ఎప్పుడూ వద్దు.

ఉద్దానం వాళ్లకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. డాబిగాట్రాన్ ఎక్కువ భాగం కిడ్నీల గుండానే బయటికి పోవాలి, మిగతా కొత్త మాత్రలకూ కిడ్నీ లెక్క చూసే మోతాదు కడతారు. నాడి తగ్గించడానికి ఇచ్చే డిగాక్సిన్ కిడ్నీ సరిగ్గా లేనివాళ్లలో పేరుకుని విషంలా మారుతుంది. మాత్ర వాడే మనిషికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువుంటే, చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించారో, ఎంత వచ్చిందో గుండె డాక్టరుకు అడక్కపోయినా చెప్పండి.

పొలం పని చేసే ఒళ్లు కదా, నడుం నొప్పి, మోకాలు నొప్పి అని షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అడిగి తెచ్చుకోవడం మనకు మంచినీళ్లంత. పలచబడే మాత్రతో అవి కలిస్తే కడుపులో రక్తం కారుతుంది, కిడ్నీకీ చేటు. నొప్పికి పారాసిటమాల్ చాలు, అదీ రోజూ కావలసి వస్తే డాక్టరును అడిగి. తుంటి ఇంజక్షన్లు వద్దని నాన్న కథ చెప్పానుగా. పన్ను పీకించుకోవాలన్నా మాత్ర మీ అంతట మీరు ఆపకండి, పళ్ల డాక్టరును గుండె డాక్టరుతో ఫోన్లో మాట్లాడమనండి. ఎసిట్రోమ్ వాడేవాళ్లు మెట్రోనిడజోల్, ఫ్లూకొనజోల్ లాంటివి వేసుకుంటే ఐఎన్‌ఆర్ ఒక్కసారిగా ఎగుస్తుంది. నాన్న చొక్కా జేబులో ఇప్పుడు ఒక అట్టముక్క ఉంటుంది: "రక్తం పలచబడే మందు వాడుతున్నాను" అని, మాత్ర పేరు, నా ఫోను నంబరు. మీరూ రాసి పెట్టండి.

గోంగూర, తోటకూర, మునగాకు మానెయ్యాలా అని అందరూ అడుగుతారు. కొత్త మాత్రలకు ఆ లెక్కే లేదు. ఎసిట్రోమ్ వాడేవాళ్లు కూడా మానక్కర్లేదు. వారంలో ఎన్నిసార్లు ఎంత తింటారో అంతే, ఎప్పుడూ ఒకేలా తినండి. నెలంతా ముట్టకుండా ఉండి, ఆనక వారమంతా ఆకుకూరలే వండితే ఐఎన్‌ఆర్ తప్పుతుంది.

నాలుగో అడుగు: దొంగను దొరకబుచ్చుకోవడం

"రాత్రి దడ వచ్చింది సార్, పొద్దున తగ్గిపోయింది" అంటే డాక్టరు చెయ్యగలిగింది తక్కువ. అది ఏఫిబ్బా, అబ్లేషన్ తర్వాత వచ్చే ఏట్రియల్ ఫ్లట్టరా (పై గదులు తీరుగానే, కానీ అతివేగంగా కొట్టుకునే దడ), ఉత్త అదనపు దెబ్బలా అన్నది ఈసీజీలోనే తెలుస్తుంది, వైద్యం మూడింటికీ ఒకటి కాదు. కాబట్టి దడ ఉండగానే దగ్గర్లో ఈసీజీ తీసే చోటికి వెళ్లి కాగితం తీయించుకోండి. నరసన్నపేట, టెక్కలి, పాలకొండ, బొబ్బిలి, ఎక్కడైనా దొరుకుతుంది, పెద్ద ఖర్చు కాదు. తేదీ, టైము కాగితం మీద రాయించండి. ఆ కాగితం మీద అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, ఆ రోజే ఫొటో తీసి జెరాక్సు కూడా పెట్టుకోండి. మేం మొదటిది అలాగే పోగొట్టుకున్నాం.

ఇంట్లో నాడి చూడడం నేర్చుకోండి. మణికట్టు మీద బొటనవేలి వైపు, రెండు వేళ్లతో, పూర్తిగా 60 సెకన్లు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే లయ తప్పినప్పుడు లెక్క తప్పుతుంది. కొన్ని దెబ్బలు నీరసంగా ఉండి మణికట్టు దాకా రావు, అందుకని ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో దగ్గర్లో ఉంటే స్టెతస్కోపుతో ఛాతీ మీద లెక్కపెట్టమని అడగండి. బీపీ మిషన్లు ఏఫిబ్‌లో తికమకపడతాయి, ఒకటే అంకె చూసి భయపడకుండా మూడుసార్లు చూసి సగటు వెయ్యండి. వేలికి తగిలించే ఆక్సిజన్ మిషను చూపే నాడినీ పూర్తిగా నమ్మకండి. ఈసీజీ తీసే చేతిగడియారం పిల్లలెవరైనా పంపితే మంచిదే, గుండె డాక్టర్లు ఆ రికార్డు చూస్తారు.

ఒక విషయం మమ్మల్ని చాలా కంగారు పెట్టింది. అబ్లేషన్‌కు ముందు 68 ఉండే నాన్న నాడి, తర్వాత లయ సరిగ్గా ఉన్నా 80 దగ్గర నిలబడింది. గుండె వేగాన్ని అదుపు చేసే సన్నటి నరాలు కొన్ని ఆ కాల్చడంలో దెబ్బతినడం వల్ల ఇలా అవుతుందట, చాలామందిలో మెల్లగా తగ్గుతుంది. తిరిగొచ్చిన ఏఫిబ్‌కు, దీనికి తేడా లయలో ఉంది. తీరుగా 80 కొడుతుంటే భయం లేదు. తీరుగా ఉన్నా 150 దగ్గర కదలకుండా నిలబడిపోతే అది ఫ్లట్టర్ కావచ్చు, ఈసీజీ కావాలి.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, నాడి, బీపీ, అప్పుడేం చేస్తున్నారు, ఏ మందు మానారు. నాన్న ఎడ్ల లెక్కలు, కూలి లెక్కలు రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీల నుంచి రాశాం.

ఐదో అడుగు: డాక్టరుకు ఫోన్ చెయ్యడం

ఆగొచ్చు అన్నాను గానీ చెప్పకుండా ఉండమనలేదు. దడ ఇరవై నాలుగు గంటలు దాటి ఉన్నా, మాటిమాటికీ వస్తున్నా, కూర్చున్నప్పుడు నాడి 110 దాటే ఉంటున్నా రెండో రోజుకే ఫోన్ చెయ్యండి. గుండె రోజుల తరబడి అలా పరిగెడితే బలహీనపడుతుంది, పైగా లయ తప్పి ఎక్కువ రోజులుంటే తిరిగి సరిచెయ్యడం కష్టమవుతుంది.

వాళ్లు చేసేవి సాధారణంగా ఇవి: మెటోప్రొలాల్ లాంటి నాడి తగ్గించే మాత్ర పెంచడం, అమియోడరోన్ లాంటి లయ నిలిపే మందు కొన్ని వారాలకు ఇవ్వడం, లేదా మళ్లీ షాక్. ఇక్కడ "షాక్ అంటే ఎంతవరకు వచ్చిందో చూడు" అని ఏడవక్కర్లేదు. మత్తులో కొద్ది నిమిషాల పని, ఈ వారాల్లో లయను నిలబెట్టి మచ్చ మానేదాకా నెట్టుకురావడానికి చేస్తారు. కానీ గత మూడు వారాల్లో పలచబడే మాత్ర ఒక్క పూటైనా తప్పిందా అని అడుగుతారు. నిజం చెప్పండి. తప్పితే గొంతు గుండా స్కాన్ చేసి గడ్డ లేదని చూసుకున్నాకే ఇస్తారు. మేం ఆ రెండు రోజుల సంగతి దాచలేదు. అమియోడరోన్ ఇస్తే థైరాయిడ్, లివరు పరీక్షలు ఎప్పుడో అడగండి, ఎసిట్రోమ్ కూడా ఉంటే ఐఎన్‌ఆర్ వెంటవెంటనే చూడాలి. ఆ మందు వాడేవాళ్లకు ఎండ తగిలితే చర్మం తొందరగా మాడుతుంది, పొలానికి తలగుడ్డ, నిండు చేతుల చొక్కా తప్పవు.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, మళ్లీ చేరాల్సి వచ్చేలోపే ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను కలిసి ఏది వర్తిస్తుందో ముందే అడిగి పెట్టుకోండి. రాత్రి పన్నెండుకు ఆ మాట తేలదు.

ఆరో అడుగు: ఎందుకు రేగిందో వెతకడం

థైరాయిడ్ ఎక్కువ కావడం, జ్వరం, వాంతులు విరేచనాలతో పొటాషియం పడిపోవడం, ఎండదెబ్బ, అదుపులో లేని బీపీ, ఇవన్నీ ఏఫిబ్‌ను రేపుతాయి. రక్తపరీక్షతో బయటపడేవే ఎక్కువ, కాబట్టి అడిగి చేయించుకోండి. వేసవిలో కొబ్బరినీళ్లు మంచివే, కిడ్నీ జబ్బున్నవాళ్లకు కాదు, వాళ్లకు పొటాషియం ఎక్కువైనా ప్రమాదమే. మజ్జిగ, పలుచటి చోడంబలి హాయిగా తాగొచ్చు, ఉప్పు మట్టుగా వేసుకుని. ఎండుచేపలు, ఆవకాయ బీపీ ఉన్నవాళ్లకు కొన్నాళ్లు తగ్గించాల్సిందే.

సారా, కల్లు, బ్రాందీ ఏదైనా సరే, ఆల్కహాల్ గుండె లయకు నేరుగా దెబ్బ. పండక్కి ఒక్కరోజే అన్నవాళ్లకే మర్నాడు ఏఫిబ్ వచ్చి చేరడం డాక్టర్లకు ఎప్పట్నుంచో తెలిసిన సంగతి. సంక్రాంతికైనా, పైడితల్లి సిరిమానుకైనా ఈ మూడు నెలలు ముట్టవద్దు. టీ, కాఫీ గురించి మాత్రం అనవసరంగా భయపెడతారు. మామూలుగా తాగే రెండు గ్లాసుల టీ ఏఫిబ్ తెస్తుందనడానికి రుజువు లేదు. తనకు తాగగానే దడ వస్తోందని మనిషికే అనిపిస్తే మానొచ్చు.

గురక సంగతి ఎవరూ అడగరు, అందుకే ఇక్కడ గట్టిగా రాస్తున్నాను. నిద్రలో గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ పీలుస్తుంటే అది స్లీప్ ఏప్నియా. దాన్ని పట్టించుకోకపోతే అబ్లేషన్ తర్వాత కూడా ఏఫిబ్ తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. పక్కన పడుకునేవాళ్లకే తెలిసే జబ్బు ఇది. మా అమ్మ ముప్పై ఏళ్లుగా "మీ నాన్న గురకకి పిల్లి కూడా ఇంట్లో ఉండదు" అంటూనే ఉంది, అది గుండెకు సంబంధించిందని మాలో ఎవరికీ తట్టలేదు. బరువు ఎక్కువున్నవాళ్లు పదో వంతు తగ్గించి నిలబెట్టుకుంటే లయ నిలబడే అవకాశం బాగా పెరుగుతుందని ఆస్ట్రేలియాలో 2015లో వచ్చిన పరిశోధన చూపించింది. మూడు నెలల్లో అయ్యే పని కాదు, మొదలుపెట్టడానికి మాత్రం ఈ నెలలే మంచివి.

ఏడో అడుగు: భయం, పరామర్శలు

దడ లేని రోజుల్లో కూడా నాన్న చెయ్యి తన మణికట్టు మీదే ఉండేది. రాత్రి నిద్రపోయేవారు కాదు, మళ్లీ వస్తుందేమోనని. నిద్ర లేకపోతే నాడి పెరుగుతుంది, పెరిగితే భయం, ఇదొక సుడి. మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం: పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి నాడి చూస్తాం, మధ్యలో ఒంట్లో తేడా తెలిస్తే తప్ప చూడం. దడ వస్తే ముక్కుతో నాలుగు లెక్కపెట్టి పీల్చి, ఆరు లెక్కపెట్టి వదలడం. అది ఏఫిబ్‌ను ఆపదు, గాబరాను దింపుతుంది, అదే కావలసింది.

పరామర్శకు వచ్చేవాళ్లను మొహం మీద వద్దనలేం. కానీ వచ్చిన ప్రతి ఒక్కరూ చెయ్యి పట్టి "అబ్బో, ఇంకా తగ్గలేదే" అనడం, ఫలానా వాళ్లకు ఇలాగే అయి పోయారని చెప్పడం మనిషిని లోపల తినేస్తాయి. అమ్మ వాకిట్లోనే మంచం వేసి, అక్కడే కూర్చోబెట్టి, అక్కడి నుంచే పంపేది. మీ ఇంట్లోనూ ఆ పని ఒకరికి అప్పజెప్పండి.

అబ్లేషన్ అయ్యాక వారం పది రోజులు బరువులెత్తడం, బైకు తన్నడం వద్దు, తొడ దగ్గర గాయం మానాలి. తర్వాత గట్టు దాకా నడక మంచిదే. కొడవలి, గునపం పనులు జాగ్రత్త, చెట్టెక్కడం అసలు వద్దు. నాడి లయ తప్పి తల తిరుగుతున్న రోజున బండి నడపకూడదు.

చివరి అడుగు: గడువు తీరాక

ఎనిమిది వారాలో మూడు నెలలో దాటాక డాక్టరు లయను మళ్లీ చూస్తారు, ఈసీజీతో పాటు హోల్టర్ అని రోజంతా ఒంటికి తగిలించే మిషను పెడతారు. అప్పటికీ వస్తుంటే సాధారణంగా కారణం, గీసిన మచ్చలో ఎక్కడో సందు మిగిలి సిర నుంచి కరెంటు మళ్లీ దారి చేసుకోవడం. రెండోసారి అబ్లేషన్‌లో ఆ సందు మూస్తారు. మందులతోనే నెట్టుకురావడం, లయను వదిలేసి నాడి వేగాన్ని, గడ్డను మాత్రం అదుపులో ఉంచుకోవడం కూడా గౌరవమైన దారులే. వయసును బట్టి, ఇబ్బందిని బట్టి, ఖర్చును బట్టి నిర్ణయం. ఎప్పుడో ఒకసారి పావుగంట వచ్చి పోయేదానికి, రోజూ పొలానికి వెళ్లనివ్వనిదానికి ఒకే వైద్యం ఉండదు. అందుకే ఆ రోజు ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లండి: వస్తున్నది ఏఫిబ్బా, ఫ్లట్టరా? పై గది ఎంత పెద్దదైంది? రెండోసారి చేస్తే నిలబడే అవకాశం ఈయన విషయంలో ఎంత? చెయ్యకపోతే ఏమవుతుంది? పలచబడే మాత్ర ఎన్నాళ్లు?

మేం వెళ్లిన రోజు నాన్న నోట్‌బుక్కు, ఈసీజీ జెరాక్సులు, మాత్రల అట్టలు ఒక గుడ్డ సంచిలో వేసుకుని వెళ్లారు. డాక్టరు గారు స్కాన్ కన్నా ముందు ఆ పుస్తకం తీసుకుని వెనక నుంచి పేజీలు తిప్పారు. మొదటి నెలలో తొమ్మిది సార్లు, రెండో నెలలో మూడు, మూడో నెలలో ఒక్కసారి, అదీ జ్వరం వచ్చిన రోజున. "ఇంకో మూడు నెలలు ఇదే రాయండి, అప్పుడు చూద్దాం" అన్నారు. తిరిగొస్తూ శ్రీకాకుళంలో ఆగి నాన్న కొత్త నోట్‌బుక్ కొనుక్కున్నారు.